గుండు బరువు, మందు కొలత: దట్టించు తుపాకులనాటి వేట లెక్కలు

ధరణికోట మట్టిదిబ్బలనుండియు, దానిని ఆనుకొనియున్న అమరావతి పరిసరములనుండియు శాతవాహనుల కాలపు నాణెములు అనేకములు దొరకినవి. వానిలో సీసపు నాణెములు కలవు. సీసముతో నాణెము వేయుట మనకు వింతగా తోచును గాని, అందులకు తగిన కారణమున్నది. సీసము 327 డిగ్రీల వేడికే కరగును. అనగా ఇంటిపొయ్యిమీద ఇనుపగరిటెలో కరగించి అచ్చులో పోయవచ్చును. గోటితో గీచిన గీత పడునంత మెత్తన. నీటికంటె పదకొండు రెట్లకు మించిన బరువు. ఈ మూడు గుణములే, శతాబ్దములు గడచిన పిమ్మట, ఆ లోహమును తుపాకి గుండుగా మార్చినవి. మన పల్నాటికి సీసము పరాయి వస్తువు కాదు. బొల్లాపల్లి వైపున అగ్నిగుండాల ప్రాంతములో, బండలమొట్టు కొండలో, 20వ శతాబ్దపు చివరి భాగమున సీసపు గని నడచెను.

ఈ ప్రసంగములో నేను చెప్పదలచినది మూతినుండి మందు దట్టించు తుపాకులనాటి ఒక తగవును గురించి. వేటకు పోవువాడు తన తుపాకిలో ఎటువంటి గుండు వేయవలెను? ఎంత మందు పోయవలెను? వినుటకు చిన్న ప్రశ్నయే. దీనిమీద గత శతాబ్దమునకు ముందటి శతాబ్దములో పెద్ద గ్రంథములే వెలువడినవి. వేట నేడు మన దేశమున నిషిద్ధము. ఆ సంగతి తరువాత చెప్పెదను. అయినను ఈ లెక్క తెలిసియుండుట మేలు. ఒకటి, ఇందులో బడిపిల్లలు చదువు భౌతికశాస్త్రము కండ్లకు కట్టినట్లు కనబడును. రెండు, అటువంటి తుపాకులు ఇప్పటికిని మన గ్రామములలో కొన్ని ఇండ్ల అటకలమీద పడియున్నవి.

వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి విడచి, ధరణికోట ప్రక్కనే అమరావతి పట్టణమును కట్టించుకొన్న రోజులలో, అనగా 18వ శతాబ్దము ముగియుచున్న కాలములో, లోకములోని తుపాకులన్నియు దాదాపు ఈ జాతివే. వానిని దట్టించు క్రమము ఇది. మొదట కొలచిన మందును మూతినుండి పోయుదురు. దానిపై పేలికనో నారనో కూరి, గుండును జారవిడచి, గజమను కడ్డీతో అడుగంటువరకు నెట్టుదురు. తరువాత గొట్టము ప్రక్కనున్న చిన్న రంధ్రమువద్ద రంజకము పోసి, చెకుముకిరాతి నిప్పుతోగాని జామగి నిప్పుతోగాని అంటింతురు. వాన పడిన రంజకము తడియును. గాలి వీచిన ఎగిరిపోవును. స్కాట్లండులో అలెగ్జాండరు ఫోర్సైతు అను క్రైస్తవ మతాచార్యుడు, బాతులు రంజకపు మెరుపు చూచి ఎగిరిపోవుచున్నవని విసిగి, దెబ్బకు పేలు మందును కనిపెట్టి 1807లో దానికి హక్కుపత్రము పొందెను. దానినుండి కొలది సంవత్సరములలోనే రాగిటోపీ పుట్టినది. గుఱ్ఱము పడి టోపీని కొట్టగనే లోపలి మందు అంటుకొనును. వానలో కూడ నమ్మదగిన తుపాకి అప్పటికి సిద్ధమైనది. నిప్పు అంటించు చిక్కు తీరినది గాన, వేటగాండ్ర దృష్టి గుండుమీదికిని మందుమీదికిని మరలినది.

ముందుగా గుండు కొలత సంగతి. అంగుళములలో చెప్పక, ఒక పౌను సీసముతో ఆ గొట్టమునకు సరిపడు గుండ్లు ఎన్ని పోయవచ్చునో ఆ సంఖ్యతో తుపాకిని పిలుచు వాడుక ఉండెను. పన్నెండు గుండ్లు వచ్చినచో అది 12 బోరు. ఒక్కొక్క గుండు సుమారు 38 గ్రాములు, అడ్డుకొలత 18.5 మిల్లీమీటర్లు. పదునారు వచ్చినచో 16 బోరు. గుండు 28 గ్రాములు. సంఖ్య పెరిగినకొలది గుండు చిన్నదగును. నేటికిని పన్నెండు బోరు తుపాకి అనుచున్నాము గాని ఆ మాటలో పౌను సీసము దాగియున్నదని ఎరిగినవారు తక్కువ.

ఇచ్చట ఒక లెక్కను గమనింపవలెను. 12.5 మిల్లీమీటర్ల అడ్డుకొలతగల సీసపు గుండు 11.6 గ్రాములు తూగును. అడ్డుకొలతను రెట్టింపు చేసి 25 మిల్లీమీటర్లు చేసినచో బరువు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లై 93 గ్రాములగును. గాలికి ఎదురునిలుచు ముఖవైశాల్యమో నాలుగు రెట్లే పెరుగును. గాలి అడ్డు నాలుగు రెట్లు, దానిని త్రోసికొనిపోవు బరువు ఎనిమిది రెట్లు. కావున పెద్ద గుండు తన వేగమును చిన్నదానికంటె సగము చొప్పుననే కోల్పోవును. గుండ్రని గుండుతో వేటాడువారు పెద్ద బోరులకై ఆరాటపడుటకు మూలకారణము ఇదియే. ఆడంబరము కాదు.

నున్నని గొట్టములో గుండు కొంచెము వదులుగా ఉండును. లేనియెడల మసి పట్టిన తరువాత దిగదు. నల్లమందు కాలినప్పుడు అందులో సగమునకు మించిన బరువు పొగగా పోక ఘనపదార్థముగా మిగులును. కొంత గాలిలో తెల్లని మేఘమై తేలును, కొంత గొట్టము గోడకు అంటుకొనును. అది గాలిలోని తేమను పీల్చి జిగురై, తుపాకిని తుప్పు పట్టించును. వదులైన గుండు గొట్టములో ఇటునటు తగులుచు, ఏ ప్రక్కకు చివర తగిలెనో దానికి వ్యతిరేకముగా తిరుగుచు బయటికి వచ్చును. ఏబది మీటర్ల లోపల దీనివలన పెద్ద నష్టము లేదు. ఆపైన ఎక్కడికి పోవునో చెప్పజాలము.

దీనికి విరుగుడు రైఫిలు. గొట్టము లోపల మరచుట్టువలె గాళ్లు తొలచి, కొవ్వుగాని తేనెమైనముగాని పట్టించిన పలుచని గుడ్డలో గుండును చుట్టి బిగువుగా దింపుదురు. గుడ్డ గాళ్లను పట్టుకొనును, గుండు గుడ్డతోపాటు తిరుగుచు వెలువడును. బొంగరము తిరుగుచున్నంతసేపు పడిపోనట్లే, తిరుగు గుండు దారి తప్పదు. గుడ్డకు పట్టించిన కొవ్వు మసిని మెత్తబరచి తరువాతి దట్టింపును సులువు చేయును. ఇదంతయు బాగుగనే ఉన్నది గాని చిక్కు ఇచ్చటనే మొదలగుచున్నది. గాళ్లు ఎంత మెలి తిరిగియుండవలెను?

మెలి ఎక్కువైనకొద్ది గురి బాగుండునని సహజముగా తోచును. అది నిజము కాదు. మందు తక్కువైనపుడు గుండు నిదానముగా గాడిని అనుసరించి తిరుగును. మందు పెంచినచో మెత్తని సీసము ఆ విసురునకు గాడిని అనుసరింపక, గాడి అంచులమీదుగా కోసికొనుచు తిన్నగా దూసికొనివచ్చును. తిరుగుడు పోయినది, గురియు పోయినది. అందుచేత బిగువైన మెలిగల తుపాకులకు మందు తక్కువగా వాడవలసివచ్చెను. మందు తక్కువైన వేగము తక్కువ. వేగము తక్కువైన గుండు ఎత్తైన వంపుతో పోవును.

సైన్యములు వేరొక దారి తొక్కినవి. ఫ్రెంచి సైనికోద్యోగి మినియే 1849 ప్రాంతమున, అడుగున గుల్లగా ఉండు పొడవైన గుండును ప్రచారమునకు తెచ్చెను. గొట్టముకంటె సన్ననిది గాన సులభముగా దిగును. పేలినప్పుడు ఆ గుల్ల విచ్చుకొని గాళ్లను నింపును. ఆ పద్ధతిపై తయారైనదే 1853 నాటి ఎన్‌ఫీల్డు తుపాకి. దాని కొవ్వు పూసిన తూటాలు 1857లో ఏమి చేసెనో మనకందరకు తెలిసినదే. ఆ తుపాకి గొట్టము 39 అంగుళములు, మెలి 78 అంగుళములకు ఒక చుట్టు. అనగా గొట్టము దాటులోపల గుండు అరచుట్టు తిరుగును. గుండు సుమారు 34 గ్రాములు, మందు 4.4 గ్రాములు. మందు గుండు బరువులో దాదాపు ఎనిమిదవ వంతు మాత్రమే. వందలకొలది గజముల దూరమున గుంపుగా నిలిచిన శత్రుసేనపై పేల్చుటకు అది సరిపోయెను. పొడవైన గుండు గాలిని చీల్చుకొని చాలదూరము పోవును. వంపు ఎక్కువైనను, దూరమునుబట్టి కంటికెదుటి గుర్తును పైకెత్తుటకు సిపాయికి తీరిక ఉండును.

ఆ సైనిక తుపాకి పద్ధతినే వేటకు తెచ్చిన దొరలకు చిత్రమైన అనుభవములు కలిగినవి. జింక దెబ్బ తిని పరుగెత్తును. నెత్తుటి జాడ సన్నగా కనబడి మాయమగును. సన్నని పొడవైన గుండు నెమ్మదిగా శరీరమును దూసికొని, చిన్న రంధ్రము చేసి అవతలికి పోవుచుండెను. జంతువు ఆ రోజు చావక, రెండుమూడు దినములు పొదలలో కుమిలి చచ్చుచుండెను. వేటగానికి దక్కదు, అడవికి దక్కదు.

సింహళములో 1840లలోను, ఆపైనను ఏనుగులను వేటాడిన శామ్యూలు బేకరు ఈ చిక్కును బలముతో పరిష్కరించెను. బ్రిస్టలు పట్టణమున గిబ్సు అను తుపాకి పనివానిచేత అతడు చేయించుకొన్న రైఫిలు 21 పౌనులు, అనగా తొమ్మిదిన్నర కిలోలు తూగెను. 36 అంగుళముల గొట్టములో రెండే గాళ్లు, మిక్కిలి లోతైనవి, మొత్తము ఒక చుట్టు. గుండు చుట్టు ఒక కట్టు ఉబ్బెత్తుగా పోసి, ఆ కట్టు రెండు గాళ్లలో ఇమిడియుండునట్లు చేసిరి. అందుచేత ఎంత మందు పోసినను గుండు గాడి తప్పదు. గుండు మూడు ఔన్సులు, సుమారు 85 గ్రాములు. మందు పదునారు డ్రాములు, సుమారు 28 గ్రాములు. లెక్క వేసి చూడుడు: గుండు బరువులో మూడవవంతు మందు! ఎన్‌ఫీల్డు సిపాయి ఎనిమిదవ వంతుతో తృప్తిపడుచుండగా ఇతడు మూడవవంతు దట్టించెను. తుపాకి అంత బరువుండబట్టి భుజము నిలిచినది. కాని పల్లపు అడవిలో దినమంతయు తొమ్మిదిన్నర కిలోల ఇనుమును మోయగలవారెందరు? పైగా కట్టు గుండును మసిపట్టిన గొట్టములో దింపుట ప్రాణసంకటము. ఆ కష్టమును బ్రిటిషు సైన్యము 1837 నాటి బ్రన్స్‌విక్కు తుపాకితో అంతకుముందే అనుభవించియుండెను.

దీనికి మంచి సమాధానము చెప్పినవాడు రెండవ ఫోర్సైతు. మొదట చెప్పిన మతాచార్యునితో పొరపడరాదు. జేమ్సు ఫోర్సైతు అను ఈయన బెంగాలు సైన్యపు అధికారి. మధ్యపరగణాలలో, మన గోదావరికి ఉత్తరమున, సాత్పురా వింధ్య అడవులలో ఉద్యోగము చేసినవాడు. వేటరైఫిలును గురించియు దాని గుండ్లను గురించియు 1863లో ఆయన ఒక గ్రంథము ప్రకటించెను. గ్రంథము చిన్నది, వాదము సూటిది. ఈ విషయముపై వ్రాసినవారిలో ఇంత తేటగా ఆలోచించినవాడు వేరొకడు లేడని నా అభిప్రాయము.

ఆయన మొదట అడిగిన ప్రశ్న తుపాకిని గురించి కాదు, అడవిని గురించి. భారతదేశపు అడవిలో వేటగానికి జంతువు ఎంత దూరమున కనబడును? చాలవరకు వంద గజముల లోపలనే. పొదలు, వెదుళ్లు, రాతిబోళ్ల నడుమ అంతకు మించి చూపు ఆనదు. అట్టియెడ ఐదువందల గజముల శక్తిగల గుండు ఎందులకు? కావలసినది వంద గజముల వరకు దాదాపు గీత గీచినట్లు పోవు గుండు. తగిలినచోట గట్టిదెబ్బ కొట్టు గుండు. ఈ రెంటికిని గుండ్రని గుండే మేలు. గుండ్రనిదానికి ముందు వెనుకలు లేవు, తలక్రిందులగునను భయము లేదు. కావున దానిని నిలుపుటకు కొద్దిపాటి తిరుగుడు చాలును. తిరుగుడు కొద్దిగనే చాలునపుడు గాళ్ల మెలిని బాగుగా సడలింపవచ్చును. మెలి సడలినచో మందు పెంచినను గుండు గాడి తప్పదు. మందు పెరిగినచో వేగము పెరుగును, వంపు తగ్గును. ఒకదానివెంట ఒకటి గొలుసువలె వచ్చినవి చూడుడు. 14 బోరు రైఫిలుకు ఎనిమిదడుగులకు పైబడిన పొడవునకు ఒక్క చుట్టు చాలునని ఆయన నిర్ణయించెను. అనగా గుండు గొట్టమును దాటులోపల పావుచుట్టో, అంతకు కొంచెము ఎక్కువో మాత్రమే తిరుగును. ఆనాటి తుపాకి పనివారికి ఇది వెఱ్ఱిగా తోచెను.

వేగమువలన కలుగు మేలు ఎంతటిదో మనమే లెక్క కట్టవచ్చును; బల్లమీద కాగితము, పెన్సిలు ఉన్న చాలును. గుండు గొట్టము విడచిన క్షణమునుండియే భూమివైపు పడుచుండును. ఎంతసేపు గాలిలో ఉండునో దానినిబట్టి పడుట. ఒక గుండు సగటున సెకనుకు 260 మీటర్ల వేగమున పోవుచున్నదనుకొందము. తొంబది మీటర్ల దూరము చేరునప్పటికి అది 59 సెంటీమీటర్లు పడును. వేరొకటి 360 మీటర్ల వేగమున పోయినచో 31 సెంటీమీటర్లే పడును. రెండు తుపాకులకును తొంబది మీటర్లకు గురి సరిచేసియున్నాము గాన, అంతదూరమున రెండును గురికే తగులును. ఇప్పుడు వేటగాడు దూరమును తప్పుగా అంచనా వేసినాడు. తొంబది అనుకొన్నది నిజముగా నూట ఇరువది. సంధ్యవేళ, ఎండుగడ్డి నడుమ, ఇది ప్రతిదినము జరుగు పొరపాటే. అప్పుడు నిదానపు గుండు గురికి 26 సెంటీమీటర్లు క్రిందుగా పోవును. వేగపు గుండు 14 సెంటీమీటర్లు మాత్రమే. దుప్పి రొమ్ములో గుండెయు ఊపిరితిత్తులును ఉండు చోటు మన జానెడంత. నడుమకు గురిపెట్టినవాని వేగపు గుండు ఆ చోటి అంచును సమీపించును. నిదానపు గుండు ముంగాలిని విరుగగొట్టును. కాలు విరిగిన దుప్పి మూడుకాళ్లతో అడవిలోకి పోవును.

ఈ పన్నెండు సెంటీమీటర్ల తేడాలోనే ఆ తగవు సారమంతయు ఉన్నది.

లండనులో జేమ్సు పర్డీ 1856 నాటికే తేలికైన గుండునకు ఎక్కువ మందు వేసి, రైలుబండి వేగమును తలపించునట్లు తన రైఫిలుకు ఎక్స్‌ప్రెస్ అను పేరు పెట్టియుండెను. సింధుదేశమున సేనాని జాన్ జేకబు ఇంకను ముందుకు పోయి, తగిలినంతనే పేలు మందును గుండు మొనలో అమర్చెను. మనుష్యులపై అట్టి గుండ్లు వాడరాదని 1868లో సెంటుపీటర్సుబర్గు నగరమున దేశములు ఒప్పందము చేసికొనినవి. జంతువులకై అట్టి ఒప్పందమెవరును చేయలేదు.

గుండు ఆకారముతోపాటు దాని మెత్తదనము కూడ చూడవలసినదే. శుద్ధమైన సీసము జింకవంటి పలుచని చర్మముగల జంతువును తాకినప్పుడు పుట్టగొడుగువలె వెడల్పై, లోపల పెద్ద గాయము చేసి ఆగిపోవును. అదే గుండు అడవిదున్న భుజపుటెముకకు తగిలినచో చప్పిడియై అక్కడనే నిలిచిపోవును. పెద్ద జంతువులకు తగరమో మరియొక లోహమో కలిపి గట్టిపరచిన గుండు వాడుచుండిరి. కాని గట్టిగుండును కొంచెము చిన్నదిగా పోసి, గుడ్డను మందముగా చుట్టవలెను. మెత్తనిదానికి సరిపోయిన గుడ్డ దీనికి సరిపోదు. ఒక తుపాకికి ఒక గుండు, ఒక గుడ్డ, ఒక కొలత కుదిరిన తరువాత వానిలో ఒక్కటి మార్చినను మిగిలినవన్నియు మరల సరిచూచుకొనవలసినదే.

మందు విషయమున గ్రామములలో ఒక గట్టి నమ్మకము ఉండెడిది: ఎంత పోసిన అంత దెబ్బ. గజమును గొట్టములో దింపి, పైకి ఎన్ని వ్రేళ్లు నిలిచినదో చూచి కొలుచువారుండిరి. మందు పెరిగినకొలది వేగము కొంతవరకు పెరుగుట నిజమే. తరువాత గొట్టము పొడవు చాలదు. కాలని మందు గుండువెంట బయటపడి గాలిలో మెరయును. మసి పెరుగును, భుజము కములును, గురి చెదరును. తెల్లని గుడ్డ పరచి దానిపై పేల్చి, కాలని మందుగింజలు పడినవేమో చూచుట పాత వేటగాండ్ర పరీక్ష. గింజ పరిమాణము కూడ ముఖ్యమే. సన్నని గింజ చప్పున కాలి గొట్టముపై తీవ్రముగా ఒత్తును. పెద్ద గింజ నెమ్మదిగా కాలును. పెద్ద బోరుకు ముతకది, చిన్న బోరుకు సన్ననిది. రంజకమునకు మరింత సన్ననిది.

అన్నిటికంటె ప్రమాదకరమైనది ఎక్కువ మందు కాదు. మసివలన గుండు నడుమ చిక్కుకొని, మందునకును గుండునకును మధ్య ఖాళీ మిగిలియుండుట. అప్పుడు గొట్టము గుండు ఉన్నచోట ఉబ్బవచ్చును, పగులవచ్చును. గజమునకు ఒక గీత గీచికొని, గుండు అడుగంటినప్పుడు ఆ గీత మూతికి సరిగా వచ్చెనా అని ప్రతిసారి చూచుకొనుట మంచి వేటగాని అలవాటు. అట్లే పొగలేని కొత్తమందును పాత గొట్టములో పోయుట ఆత్మహత్యతో సమానము. దాని ఒత్తిడికి ఆ ఇనుము నిలువదు.

ఇంతవరకు చెప్పినది రైఫిలు కొనగలిగిన దొరల మాట. మన పల్నాటి పడమటి దిక్కున, మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి ప్రాంతములలో, నల్లమల అంచుననున్న రైతుకు ఉన్నది నున్నని గొట్టపు నాటుతుపాకియే. చెంచులు తరతరములుగా విల్లంబులు పట్టిరి. పొలము కాపాడుకొను రైతు తుపాకి పట్టెను. జొన్నచేనుమీద పడు అడవిపందికి అతడు సీసపు గుండు దొరకినచో అది, లేనిచో చిన్న గుండ్లు, అవియు లేనిచో ఇనుపముక్కలు దట్టించెడివాడు. ఇనుపముక్క ఏ లెక్కకును లొంగదు. అది సీసముకంటె తేలిక, రూపము లేనిది, గొట్టమును గీచును, గాలిలో దొర్లును, త్వరగా వేగము కోల్పోవును. చిన్న గుండ్లు ఒక్కొక్కటి రెండుమూడు గ్రాములైనచో, మొదట చెప్పిన లెక్క ప్రకారము, నలుబది మీటర్లు దాటులోపలనే నీరసించును. పంది చర్మము క్రింద అవి చిక్కుకొనును. పంది పోవును, పుండు మిగులును.

పులి, చిరుత విషయములో ఆ పుండు మనుష్యులకే ఎదురుతిరిగెను. కుమావూనులో వందలమందిని చంపినదని పేరుపడిన చంపావతు ఆడపులిని 1907లో జిమ్ కార్బెట్టు చంపి చూడగా, దాని కుడివైపు కోరలు రెండును, క్రిందిదియు మీదిదియు, విరిగియుండెను. అది పాత తుపాకిదెబ్బ వలన అని ఆయన వ్రాసెను. సహజమైన ఆహారమును పట్టలేక అది మనుష్యులను పట్టినది. ఎవడో ఒకడు, ఎప్పుడో, చాలని గుండుతోనో చెదరిన గురితోనో పేల్చిన ఒక్క దెబ్బకు ఊళ్లకు ఊళ్లు వెల చెల్లించినవి.

నేటి చట్టము సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను కట్టడి చేసినది. 1991 సవరణతో ఆ నిషేధము మరింత గట్టిపడినది. పంట పాడుచేయు జంతువైనను, అటవీ అధికారుల అనుమతి లేనిదే చంపరాదు. మాచర్ల వైపు అడవులు నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల అభయారణ్యమునకు చేరినవి. తుపాకి విషయమున 1959 నాటి ఆయుధ చట్టము ఒక ఆసక్తికరమైన మాట చెప్పుచున్నది. నిజముగా పంటకాపలాకై మూతినుండి దట్టించు తుపాకిని కోరు పౌరునికి అనుమతిపత్రము ఇచ్చు ఏర్పాటు అందులో ప్రత్యేకముగా ఉన్నది. మిగిలిన తుపాకులన్నియు మారిపోయినను, రైతు చేతిలోని ఈ పాత పనిముట్టును చట్టము పేరుపెట్టి గుర్తించినది. అనుమతిపత్రము లేని తుపాకి ఎంత పాతదైనను, తాతగారిదైనను, ఇంటనుంచుకొనుట నేరమే.

అటకమీది తుపాకులున్న ఇండ్లవారికి ఒక్క హెచ్చరిక. నల్లమందు పొడిగా ఉన్నంతకాలము చెడదు. అమెరికాలో 1860ల అంతర్యుద్ధకాలపు ఫిరంగిగుండు ఒకటి 2008లో పేలి, దానిని శుభ్రపరచుచున్న సేకర్త మరణించెను. తాతల తుపాకి చివరిసారి దట్టించి పేల్చకుండ అట్లే దాచియుండవచ్చును. కావున దొరకిన ప్రతి దట్టించు తుపాకి నిండియున్నదనియే తలపవలెను. పిల్లలను దూరముగా పంపుడు. రంధ్రముపై టోపీ ఉన్నచో తుపాకిని అసలు తాకవలదు. టోపీ లేకున్నచో, మూతికి ఎదురుగా ముఖమును చేతిని ఉంచక, సన్నని కొయ్యపుల్లను గొట్టములోనికి మెల్లగా విడచి, మూతివద్ద గుర్తు పెట్టి, బయటికి తీసి గొట్టము వెలుపల ఆనించి చూడుడు. పుల్ల చివర నిప్పురంధ్రము వరకు వచ్చినచో గొట్టము ఖాళీ. మూడు నాలుగు వ్రేళ్ల కొలత తక్కువైనచో లోపల మందును గుండును ఉన్నవి. ఇనుపకడ్డీతో పొడుచుట, గోకుట, పొయ్యిదగ్గర ఆరబెట్టుట చేయక, ఉన్నదానిని ఉన్నచోటనే ఉంచి పోలీసుస్టేషనుకు కబురు పంపుడు. దట్టింపును తీయుట తెలిసినవారు వచ్చి తీయుదురు.